టీ-72నా, టీ-90నా, అర్జునా? చక్రాల దగ్గర మొదలుపెట్టి గుర్తుపట్టే పద్ధతి

చైన్ల మీద నడుస్తూ పైన గొట్టం ఉన్నంత మాత్రాన ఒక బండి యుద్ధ ట్యాంకు అయిపోదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ-2 సైనికుల్ని మోసే బండి. గుజరాత్‌లోని హజీరాలో తయారైన కె9 వజ్ర తనంతట తాను నడిచే ఫిరంగి. చెన్నై పక్కన ఆవడిలో తయారయ్యే టీ-90 ఒక్కటే ఈ మూడింటిలో ట్యాంకు. వీటి పనులకు పొంతనే లేదు. ట్యాంకు ఎదురుగా కనిపించే శత్రువును నేరుగా కొడుతుంది. బీఎంపీ-2 జవాన్లను ముందువరుస దాకా తీసుకెళ్లి దింపి, వాళ్లకు అండగా కాలుస్తుంది. వజ్ర చాలా కిలోమీటర్ల వెనక నిలబడి, కంటికి కనపడని లక్ష్యం మీదికి గుండ్లు పంపుతుంది. అయినా ఫొటోల కింద మూడింటికీ 'యుద్ధ ట్యాంకు' అనే పడుతుంటుంది. పది నిమిషాలు నేర్చుకుంటే పోయే పొరపాటు ఇది.

బండిని చూడగానే కన్ను గొట్టం మీదికి, టరెట్ (గొట్టాన్ని మోస్తూ తిరిగే పైభాగం) మీదికి పోతుంది. అక్కడి నుంచి మొదలుపెడితే తప్పు జరగడానికే అవకాశం ఎక్కువ. ఎందుకంటే పైభాగం మారుతూనే ఉంటుంది. రియాక్టివ్ ఆర్మర్ (తగిలిన గుండును ఎదురు పేలుడుతో అడ్డుకునే కవచం) పెట్టెలు బిగిస్తారు, కొత్త సైట్లు (గురిచూసే పరికరాలు) పెడతారు, డ్రోన్ల నుంచి కాపాడుకోవడానికి ఇనుప జాలీలు కడతారు, యుద్ధ విన్యాసాల్లో వలలూ కొమ్మలూ కప్పుతారు. కింద చక్రాల అమరిక మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో ముప్పై ఏళ్ల తర్వాతా అలాగే ఉంటుంది. కాబట్టి కింది నుంచి పైకి చూడాలి. అడగాల్సిన ప్రశ్నలు వరుసగా నాలుగు: పళ్ల చక్రం ముందుందా వెనకుందా? నేలను తాకే చక్రాలు ఎన్ని? టరెట్ బండిలో ఏ భాగాన కూర్చుంది? గొట్టం చివర ఏముంది?

ముందు ఏది, వెనక ఏది

గొట్టం ఎటు చూస్తే అదే ముందు అనుకోవద్దు. రైలు మీదో ట్రైలర్ మీదో తరలించేటప్పుడు టరెట్‌ను వెనక్కి తిప్పి గొట్టాన్ని కట్టేయడం మామూలే. ముందు భాగాన్ని హెడ్‌లైట్లను బట్టి, ఏటవాలుగా దిగే ఉక్కు పలకను బట్టి, డ్రైవర్ మూతను బట్టి తేల్చుకోవాలి.

అది తేలాక చైను రెండు కొసల్లో ఉన్న చక్రాలను చూడండి. ఒకదానికి పళ్లుంటాయి, చైనును లాగేది అదే. రెండోది చైను బిగువు కోసం ఉండే ఖాళీ చక్రం. ఇంజిన్ నుంచి వచ్చే శక్తి పళ్ల చక్రానికి అందాలి కనుక గేర్లు ఉన్న వైపే అది ఉంటుంది. టీ-72, టీ-90, అర్జున్‌లకు ఇంజిన్, గేర్లు వెనక, కాబట్టి పళ్ల చక్రమూ వెనకే. బీఎంపీ-2లో జవాన్లు వెనక తలుపుల్లోంచి దిగాలి, ఆ చోటు ఖాళీగా ఉండాలి. అందుకే ఇంజిన్ ముందు కుడివైపుకు చేరింది, పళ్ల చక్రమూ ముందుకే వచ్చింది. వజ్రలో గుండ్లు వెనక నుంచి ఎక్కిస్తారు, అక్కడా ఇంజిన్ ముందే. పళ్ల చక్రం ముందుంటే ఈ కాలపు భారత సైన్యంలో అది దాదాపు ఎప్పుడూ ట్యాంకు కాదు. ఈ ఒక్క గుర్తుతోనే ఫొటోల్లో సగం తప్పులు తీరిపోతాయి.

బురద పట్టినప్పుడు పళ్లు కనపడవు. అప్పుడు అంచు చూడకుండా చైను ఆ చక్రాన్ని ఎలా పట్టుకుందో చూడండి. పళ్ల చక్రం మీద చైను లింకులు ఒక్కో పంటికీ తగులుకుని కోణాలు తేలి వంగుతాయి, ఖాళీ చక్రం మీద నున్నగా తిరుగుతాయి.

చక్రాల లెక్క

ఒక వైపు నేలను తాకే చక్రాలను మాత్రమే లెక్కపెట్టాలి. కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు కొసల్లోని రెంటినీ కలిపేసుకోవడం. అవి నేలకు కాస్త ఎత్తులో ఉంటాయి. చక్రాల పక్కన వేలాడే పలక (సైడ్ స్కర్ట్) అడ్డొచ్చినా చక్రాల కింది సగం బయటికి కనిపిస్తుంది, ఆ అర్ధచంద్రాలను లెక్కపెట్టండి. బండి ఏటవాలుగా ఉన్న ఫొటోలో చివరి చక్రం దుమ్ములోనో మడ్‌గార్డు వెనకో దాక్కుంటుంది. వీడియో అయితే నాలుగైదు చోట్ల ఆపి చూస్తే గాని లెక్క ఖాయం చేయొద్దు.

ఐదు చక్రాలుండి, మొదటి దానికీ రెండో దానికీ నడుమ మిగతావాటికంటే ఎక్కువ ఖాళీ ఉంటే అది టీ-54, టీ-55 కుటుంబం. స్మారకాల దగ్గర, సైనిక స్థావరాల గేట్ల దగ్గర కనిపించేవాటిలో ఇవి చాలా ఉంటాయి. చైను పైభాగాన్ని మోసే చిన్న రోలర్లు వీటికి ఉండవు, చైను పైభాగం పెద్ద చక్రాల మీదే ఆనుతుంది. 1971లో పాకిస్తాన్ నుంచి పట్టుకున్న చైనా టైప్-59 కూడా ఇదే అచ్చు. టీ-55ను టైప్-59 నుంచి విడదీయాలంటే టరెట్ పైన కుడివైపు చూడాలి. టీ-54, టైప్-59లకు అక్కడ పుట్టగొడుగు ఆకారంలో గాలి మూత ఉంటుంది, టీ-55కు ఉండదు. ఈ చిన్న మూతను చూడకుండానే విజయ చిహ్నాన్ని మన ట్యాంకని, మన ట్యాంకును విజయ చిహ్నమని రాసేస్తుంటారు. ప్రాణాలొడ్డి పట్టుకొచ్చిన బండి పేరు సరిగ్గా రాయడం కనీస మర్యాద.

స్మారకాల దగ్గరి పాత ట్యాంకులను పక్కన పెడితే, ఆరు చక్రాలు దాదాపు సమాన దూరంలో ఉండి, పళ్ల చక్రం వెనకుంటే టీ-72 గానీ టీ-90 గానీ. ఏడు చక్రాలుంటే అర్జున్. ఇక్కడ తికమకకు తావే లేదు.

ఆరు చక్రాలుండి టరెట్ లేని బండ్లూ ఎదురవుతాయి. మడతపెట్టిన పెద్ద ఇనుప వంతెన మోస్తుంటే అది టీ-72 చట్రం మీద కట్టిన బీఎల్‌టీ, 20 మీటర్ల వంతెనను పరుస్తుంది. పక్కన క్రేన్ ఉంటే చెడిపోయిన ట్యాంకులను లాగుకొచ్చే డబ్ల్యూజెడ్‌టీ రకం రికవరీ వాహనం.

టరెట్ ఎక్కడ, గొట్టం చివర ఏముంది

ట్యాంకులో టరెట్ నడిమధ్యలో ఉంటుంది. వజ్రలో పెద్ద గదిలాంటి టరెట్ వెనక్కి జరిగి ఉంటుంది. బీఎంపీ-2లో చిన్న టరెట్, సన్నని పొడవాటి 30 మి.మీ. గొట్టం, పైన కొంకుర్స్ క్షిపణి గొట్టం ఉంటాయి.

గొట్టం చివర రంధ్రాలున్న లావుపాటి ముక్క ఉంటే దాన్ని మజిల్ బ్రేక్ అంటారు. పేలినప్పుడు వచ్చే వాయువులను పక్కలకు మళ్లించి వెనక్కి తన్నే దెబ్బను తగ్గిస్తుంది. 155 మి.మీ. గొట్టమున్న వజ్రకు ఇది ఉంటుంది. టీ-72, టీ-90, అర్జున్‌లకు ఉండదు. పక్కలకు కొట్టే వాయువు దుమ్ము లేపి గన్నర్‌కు లక్ష్యం కనపడకుండా చేస్తుంది. పైగా ఉక్కును ఛేదించే బాణంలాంటి గుండు బయటికి రాగానే దాని చుట్టూ ఉన్న తొడుగు ముక్కలై విడిపోతుంది, ఆ ముక్కలు బ్రేకుకు తగిలే ప్రమాదం ఉంది. పాత ట్యాంకుల విషయం వేరు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో దెబ్బతిన్న పాకిస్తాన్ పాటన్ ట్యాంకులకు 90 మి.మీ. గొట్టం చివర బ్రేకు కనిపిస్తుంది. బ్రేకు ఉంది కాబట్టి ట్యాంకు కాదు అనే సూత్రం స్మారకాల దగ్గర పనిచేయదు.

ట్యాంకు గొట్టం మీద మరో ఉబ్బెత్తు భాగం ఉంటుంది, అది ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్. గుండు వెళ్లాక మిగిలే పొగ టరెట్‌లోకి రాకుండా బయటికి లాగేస్తుంది. టీ-55కు ఇది సరిగ్గా మూతి దగ్గర, టీ-72, టీ-90లకు గొట్టం నడుమ భాగంలో ఉంటుంది. దూరం నుంచి తీసిన ఫొటోలో చక్రాలు కనపడకపోతే ఆధారపడదగిన గుర్తు ఇదే.

టీ-72, టీ-90: అసలు చిక్కు ఇక్కడే

రెంటికీ ఆరు చక్రాలు. రెంటికీ డ్రైవర్ ముందు భాగం నడిమధ్యలో కూర్చుంటాడు. రెంటికీ 125 మి.మీ. గొట్టం, గుండును యంత్రమే ఎక్కిస్తుంది, అందుకే సిబ్బంది ముగ్గురే. రెంటికీ పొగ గొట్టం ఎడమ పక్కన, వెనక చక్రాలకు పైన. టీ-90 పుట్టిందే టీ-72 నుంచి కాబట్టి ఈ పోలిక సహజం. ఇక్కడ మాత్రం టరెట్ దాకా వెళ్లక తప్పదు.

మొదట టరెట్ ముఖం చూడండి. టీ-72ఎం1 టరెట్ పోతపోసిన గుండ్రని ఉక్కు. మెరుగుపరిచిన అజేయ (టీ-72కు మన సైన్యం పెట్టిన పేరు) బండ్లకు దాని మీద చిన్న చిన్న ఇటుకల్లాంటి రియాక్టివ్ ఆర్మర్ పెట్టెలు వరుసగా బిగించి ఉంటాయి. టీ-90ఎస్‌కు పెట్టిన కాంటాక్ట్-5 రకం ఆర్మర్ అలా ఉండదు. పెద్ద పలకలు గొట్టానికి అటూ ఇటూ ఏటవాలుగా కలిసి, ముఖం మొత్తం ముందుకు పొడుచుకొచ్చిన కోణంలా కనిపిస్తుంది.

తర్వాత గొట్టం పక్కన చూడండి. టీ-72కు గొట్టానికి కుడివైపు (బండిలో కూర్చున్నవాడి కుడి, మీ కుడి కాదు) గుండ్రని ఇన్‌ఫ్రారెడ్ లైటు ఉంటుంది. పాత పద్ధతిలో రాత్రి చూపుకు అది వెలుగునిచ్చేది. టీ-90కు గన్నర్ వైపు, అంటే ఎడమవైపు కప్పు మీద, థర్మల్ సైట్ పెట్టె పెద్దగా కనిపిస్తుంది. వేడిని బట్టి చూస్తుంది కనుక దానికి లైటు అక్కర్లేదు. అయితే మెరుగుపరిచిన టీ-72లకూ థర్మల్ సైట్లు వచ్చాయి. సైట్ పెట్టె కనిపించింది కాబట్టి టీ-90 అని తేల్చేస్తే పొరపడతారు. లైటు ఉంటే టీ-72 అనుకోవచ్చు గాని, లేనంత మాత్రాన టీ-90 అనుకోకూడదు.

మూడోది కప్పు మీది 12.7 మి.మీ. మెషిన్‌గన్. టీ-72లో కమాండర్ మూత తెరిచి బయటికి లేచి చేత్తో పట్టుకుని కాలుస్తాడు. టీ-90లో లోపల కూర్చుని తిప్పి కాల్చవచ్చు, అందుకు తగ్గ బిగింపు ఉంటుంది. కమాండర్ నడుము దాకా బయటికి వచ్చి గన్ పట్టుకుని ఉన్న ఫొటో దొరికితే అది టీ-72 వైపు మొగ్గే ఆధారం.

ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. గొట్టానికి రెండు పక్కలా ఎర్రటి కళ్లలా రెండు దీపాలున్న టీ-90 ఫొటోలు మన దగ్గర విరివిగా తిరుగుతుంటాయి. అది ష్టోరా, శత్రు క్షిపణిని దారి తప్పించే రష్యా పరికరం. భారత్ 2001లో 310 టీ-90ఎస్‌లకు ఒప్పందం చేసుకున్నప్పుడు ష్టోరా తీసుకోలేదు. భీష్మలకు (మన టీ-90ల పేరు) ఆ కళ్ల చోట ఆర్మర్ పెట్టెలే ఉంటాయి. ఎర్ర కళ్లు కనిపిస్తే ఆ ఫొటోను భారత సైన్యం వార్తకు వాడకూడదు.

ఫొటో తిరగేసి వేశారేమో కూడా చూసుకోండి. పొగ గొట్టం కుడి పక్కన కనిపించినా, గన్నర్ సైట్ గొట్టానికి కుడివైపు ఉన్నా ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడిందన్నమాట. నంబరు పలక కనిపిస్తే సంగతి వెంటనే తేలిపోతుంది.

అర్జున్

ఏడు చక్రాలతోనే పని అయిపోతుంది. ఎదుటి నుంచి తీసిన ఫొటోలో చక్రాలు లేకపోతే మాత్రం డ్రైవర్ స్థానం చూడండి, నడిమధ్యలో కాకుండా కుడివైపు ఉంటుంది. టరెట్ గుండ్రంగా ఉండదు, పెద్ద పెద్ద బల్లపరుపు పలకలతో పెట్టెలా కట్టి ఉంటుంది, వెనక్కి బాగా సాగుతుంది. గన్నర్ సైట్ టరెట్ ముందు కుడి భాగంలో ఉంటుంది, టీ-72, టీ-90లకు ఎడమ. గొట్టం 120 మి.మీ., లోపల మెలితిరిగిన గాళ్లున్నది. గుండు మనిషే ఎక్కిస్తాడు కాబట్టి సిబ్బంది నలుగురు.

బరువులు పక్కపక్కన పెడితే తేడా అర్థమవుతుంది. బీఎంపీ-2 సుమారు 14 టన్నులు, టీ-72ఎం1 సుమారు 41.5, టీ-90ఎస్ 46.5, వజ్ర 47, అర్జున్ మార్క్-1 58.5, మార్క్-1ఎ సుమారు 68. ఇంజిన్ శక్తి టీ-72కు 780, టీ-90కు 1000, అర్జున్‌కు 1400 హార్స్‌పవర్. బరువు పెరిగేకొద్దీ ఏ వంతెన దాటగలదు, ఏ ట్రైలర్ మోయగలదు అనేవి మారిపోతాయి. పంజాబ్ కాలువల మీది వంతెనల దగ్గర ఈ లెక్క చాలా ముఖ్యం.

మెదక్ బండ్లు

పేరు మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, ఊరు ఎద్దుమైలారం. 2016 జిల్లాల పునర్విభజన నుంచి సంగారెడ్డి జిల్లా. 1984లో మొదలైంది, 2021 అక్టోబరు నుంచి ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద ఉంది. బీఎంపీ-2కు ఇక్కడ సారథ్ అని పేరు. ముందు నుంచి చూస్తే ముక్కు పదునుగా ఉంటుంది, నీటిలో దిగేటప్పుడు అల లోపలికి రాకుండా ముందున్న పలకను పైకి లేపుతారు. పక్కల్లో జవాన్లు లోపలి నుంచి కాల్చడానికి చిన్న రంధ్రాలు. వెనక రెండు ఉబ్బెత్తు తలుపులు. ఆ ఉబ్బు అలంకారం కాదు, తలుపుల లోపల ఇంధన ట్యాంకులున్నాయి. లోపల ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు.

ఈ చట్రం మీదే వేరే బండ్లూ కట్టారు. టరెట్ లేకుండా 81 మి.మీ. మోర్టార్ మోసేది ఒకటి, అంబులెన్స్ ఒకటి. పైకి లేచే పెట్టెలో నాగ్ క్షిపణులున్నది నామికా. బీఎంపీ పైనుండే కొంకుర్స్ క్షిపణులు తయారయ్యేది కూడా తెలంగాణలోనే, భారత్ డైనమిక్స్ వాళ్ల భానూరు కర్మాగారంలో. టీ-90 గొట్టంలోంచి పేల్చే ఇన్వార్ క్షిపణినీ ఆ సంస్థే తయారు చేస్తుంది.

లారీల మీది ఆయుధాలు

ఇవి తేలిక, గొట్టాలు లెక్కపెడితే చాలు. సన్నవి 40 ఉంటే గ్రాడ్, 122 మి.మీ. రాకెట్లు. ఆరేసి చొప్పున రెండు పెట్టెలు, మొత్తం 12 ఉంటే పినాక, 214 మి.మీ. 12 ఉన్నా ఒక్కోటి లారీ పొడవంత సాగి లావుగా ఉంటే స్మెర్చ్, 300 మి.మీ. మూడే మూడు పెద్ద గొట్టాలుంటే బ్రహ్మోస్. గొట్టాలు లేకుండా మూడు క్షిపణులు బయటికే కనిపిస్తే ఆకాశ్.

లారీ వెనక లాగుకెళ్లే ఫిరంగుల్లో ఒకటి మాత్రం చూడగానే తెలుస్తుంది. ఎం777ను మూతి వైపు కొక్కెం తగిలించి లాగుతారు, గొట్టం లారీ వైపు ఉంటుంది. టైటానియం వాడటం వల్ల బరువు 4.2 టన్నుల దగ్గరే ఆగింది, చినూక్ హెలికాప్టర్ కింద వేలాడదీసి కొండల మీదికి చేర్చగలుగుతారు. బోఫోర్స్‌ది, ధనుష్‌ది ఒకే వంశం. బోఫోర్స్ గొట్టం పొడవు దాని వ్యాసానికి 39 రెట్లు, ధనుష్‌ది 45 రెట్లు. ఒంటరి ఫొటోలో ఈ తేడా కంటికి ఆనదు. అనుమానంగా ఉంటే '155 మి.మీ. ఫిరంగి' అని రాసి ఆగడం మేలు.

నంబరు పలక, దాని జాగ్రత్తలు

సైన్యం బండి నంబరులో పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. బాణం తర్వాతి రెండు అంకెలు బండిని కొన్న సంవత్సరం. ఆ తర్వాత ఒక అక్షరం, వరుస సంఖ్య, చివర వాహన తరగతి తెలిపే అక్షరం. ఆ సంవత్సరం బండిని తేల్చడానికి అక్కరకొస్తుంది. 2001కి ముందు సంవత్సరం ఉన్న బండిని టీ-90 అనడానికి లేదు. అధికారుల కార్లకు నక్షత్రాల పలక వేరేగా ఉంటుంది: బ్రిగేడియర్‌కు ఒకటి, మేజర్ జనరల్‌కు రెండు, లెఫ్టినెంట్ జనరల్‌కు మూడు, జనరల్‌కు నాలుగు.

గుర్తుపట్టడానికి చూసిన నంబరును బయట పెట్టకండి. బండ్లు కదులుతున్న చోటు, సమయం, ఎన్ని ఉన్నాయి, ఎటు వెళ్తున్నాయి అనేవి ఏ కారణంతోనూ రాయకూడదు. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార శాఖ భద్రతా దళాల కదలికలను ప్రత్యక్షంగా చూపొద్దని మీడియా సంస్థలతో పాటు సోషల్ మీడియా వాడేవాళ్లకూ సూచించింది. కంటోన్మెంట్లలో, రైల్వే యార్డుల్లో సైనిక బండ్ల ఫొటోలు తీయకూడదు. మీ చేతికి అలాంటి ఫొటో వస్తే పంచకుండా ఆపేయండి.

సాధనకు రిపబ్లిక్ డే కవాతు వీడియోలు బాగా పనికొస్తాయి, బండి పక్క నుంచి నిదానంగా పోతుంది, పేరు వ్యాఖ్యాత చెప్పేస్తాడు. శబ్దం ఆపేసి చూసి, పేరు రాసుకుని, తర్వాత శబ్దంతో సరిచూసుకోండి. దగ్గర నుంచి చూడాలంటే మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో 1994లో తెరిచిన కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ బోర్డు చదవడానికి ముందే బండి పక్కకు నడిచి చక్రాలు లెక్కపెట్టండి, తర్వాత వెనక్కి వెళ్లి పళ్ల చక్రం ఉందేమో చూడండి, ఆఖరున టరెట్ వైపు తలెత్తండి.